అలమర వెనక సెగ

ఆసరా కోసం పడవ గదిలోని అలమర గోడకు చెయ్యి ఆన్చగానే రెజీనా అరచెయ్యి చురుక్కుమంది. ఆ చెక్క వెనక ఏదో కాలుతోంది.

చెయ్యి వెనక్కి లాక్కుంది. ఈసారి మెల్లగా వేళ్ల వెనక భాగం ఆన్చి చూసింది. పొయ్యి మీది పెనంలా ఉంది పలక. గాలి గట్టిగా పీల్చింది. రబ్బరు కాలిన వాసన.

ఆమె లోపలికి దిగింది తండ్రికి దగ్గు మందు తీద్దామని. ఆ తండ్రి ఎదురు బల్ల మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. సామ్యేల్ ఉద్యోగమంతా బొగ్గుబాయిలోనే, ఎలక్ట్రీషియన్‌గా. రిటైరయ్యేనాటికి ఊపిరితిత్తుల నిండా దుమ్ము మిగిలింది. దోమలబత్తి పొగకే ఉక్కిరిబిక్కిరై దవాఖానలో చేరిన మనిషి.

"సంపత్! జల్ది లోపటికి రా!"

చుక్కాని దగ్గరి నుంచి ఆమె భర్త తీరిగ్గా బదులిచ్చాడు. "ఏమైంది? మీ బాపు ఓడల ఎలుక జొచ్చిందా?"

"కాలుతోంది! బాపును బయటికి తియ్యాలె!"

మరో మాట లేకుండా సంపత్ దూకాడు. ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని ముసలాయనను మెట్లెక్కించి పైన కూర్చోబెట్టారు. తెరచాప కొయ్యకు ఆనుకుని కూర్చున్న తండ్రి దోస్తు రాయమల్లు లేచి నిలబడ్డాడు.

ఎల్లంపల్లి జలాశయం నడిమధ్యన ఉంది పడవ. గాలి చచ్చిపోయి చాలాసేపైంది. తెరచాప ఆరేసిన పంచెలా వేలాడుతోంది. ఒడ్డు ఒక గీతలా కనబడుతోంది. ఆ గీతకు ఆవల జ్యోతినగర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు. కనుచూపుమేరలో మరో పడవ లేదు, కనీసం చేపలు పట్టే తెప్ప కూడా లేదు.

ఈ పడవ సామ్యేల్ పిచ్చి. హైదరాబాద్‌లో ఎవరో వదిలేసుకున్న పాతదాన్ని లారీ మీద తెప్పించాడు. గోదావరిఖనిలో కాలనీ అంతా "కెప్టెన్ సాబ్" అని ఆటపట్టించినా పట్టించుకోలేదు. కరెంటు పని సొంతంగా చేసుకున్నాడు. చెక్కపని రాయమల్లుకు అప్పజెప్పాడు. రాయమల్లు బాయిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం, గోడలు కట్టడం ఆయన పని. ఇద్దరూ ఒకే షిఫ్టులో దిగి ఒకే షిఫ్టులో పైకొచ్చిన దోస్తులు. ఆయన చేసిన టేకు అలమరలు పడవతోపాటే పుట్టినట్టు దాని ఒంట్లో కలిసిపోయాయి. నలుగురూ కలిసి ఇంత దూరం రావడం మాత్రం ఇదే మొదటిసారి.

"ఏ అలమర?" దగ్గుతూనే అడిగాడు సామ్యేల్.

"ఎడమ దిక్కుది."

ఆయన మెట్లవైపు ఒంగి చూశాడు. "బ్యాటరీలు దాని ఎనకనే. పక్కపొంటే డీజిల్ ట్యాంకు."

సంపత్ ఇంజన్ తాళం మీద చెయ్యి వేశాడు. "అయితే ఇంజన్ చాలూ చేస్త మామా, ఒడ్డుకు పడదాం."

"వద్దు!" ముసలాయన అల్లుడి చేతి మీద ఒక్కటి వేశాడు. "చాలూ చేస్తే గా తీగలకెళ్లే కరెంటు గుంజుతది. చేతులార అంటువెట్టినట్టే. మెయిన్ స్విచ్చు బంద్ చెయ్యాలె."

"ఏడుంది స్విచ్చు?"

సామ్యేల్ తలదించుకున్నాడు. "అండ్లనే. అలమర ఎనక."

ఇక మిగిలింది నీళ్లలోకి దూకడం. రెజీనా తండ్రి వైపు చూసింది. ట్యాంకు అంటుకుంటే తనూ మొగుడూ ఈదగలరేమో. మూడు మాటలకోసారి ఊపిరి కోసం ఆగే మనిషి ఈ నీళ్లలో ఎంతసేపు తేలతాడు?

"వెనక పలకకు స్క్రూలే గదా బాపు? ఊడదీస్త."

ఆమె మెట్ల దగ్గరికి వెళ్లేసరికి రాయమల్లు అడ్డం నిలబడి ఉన్నాడు. పనిముట్ల సంచిని పొట్టకు అదుముకున్నాడు.

"తియ్యకు బిడ్డా."

"జరుగు కాకా."

"నా మాటిను. బాయిల బొగ్గు వేడెక్కితే ఏం చేస్తరు? అడ్డం గోడ కట్టి గాలి బంద్ చేస్తరు. లోపట్నే సల్లారుతది. గోడ వలగ్గొట్టినవనుకో, గాలి తగిలి భగ్గుమంటది. అట్ల తీసి పానాలు పోగొట్టుకున్నోళ్లను చూసిన నేను."

రెజీనా కాళ్లు ఆగిపోయాయి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. గోడ వెనక నిప్పు కథలు చిన్నప్పటి నుంచి వింటూనే పెరిగింది.

"అది బొగ్గు గాదుర రాయమల్లు! కరెంటు! గాలి లేకున్నా... తీగ... కాలుతనే..." సామ్యేల్ మాట దగ్గులో కొట్టుకుపోయింది. కొయ్యను రెండు చేతులా వాటేసుకుని ఒంగిపోయాడు. చెయ్యి మాత్రం గదివైపు చూపిస్తూ గాలిలో ఊగుతోంది.

తెరిస్తే మంట. తెరవకపోతే ట్యాంకు. చెప్పేవాళ్లిద్దరూ బాయిలో తల పండినవాళ్లే. రెజీనా గదిలోకి తొంగిచూసింది. అలమర పైఅంచు నుంచి సన్నని పొగ దారంలా పైకి లేస్తోంది.

"ఇయ్యి కాకా సంచి."

"బిడ్డా..."

"ఇయ్యి!"

సంచి పట్టి గుంజుకుంది. రాయమల్లు వేళ్లు వెంటనే వదల్లేదు.

లోపలికి దిగారు మొగుడూ పెళ్లామూ. ఫ్లాస్కు, పళ్లేలు, దుప్పట్లు ఎదురు బల్ల మీదికి విసిరేశారు. సొరుగు లాగి అవతల పడేశారు. అంచున కొట్టిన సన్న బద్దను సంపత్ ఉలితో పైకెత్తాడు. అది టప్పున విరిగింది. పైన రాయమల్లు మూలిగాడు. తన పక్కటెముక విరిగినట్టే మూలిగాడు.

వెనక పలక బయటపడింది. నాలుగు మూలలా స్క్రూలు ఉండాలి. లేవు. నున్నగా తెల్లరంగు.

"స్క్రూలేవి?"

సంపత్ గోటితో గీకాడు. రంగు పెచ్చు ఊడింది. దాని కింద లప్పం. లప్పం కింద స్క్రూ తల. ఎవరో వాటిని కావాలనే పూడ్చేశారు.

రెజీనా మొగుడి మొహంలోకి చూసింది.

"నన్నెందుకట్ల చూస్తున్నవ్?"

"పోయిన వారం రంగేసింది నువ్వే గదా?"

"ఏసిన. లప్పం నేను పెట్టలే. అప్పటికే ఉంది. నున్నగున్నదని మీదికెళ్లి బ్రష్షు గీసిన."

"ఈ పడవ మునిగితే పీడ వోతదన్నది ఎవలు?"

"నేనే అన్న. మీ బాపును ఎక్కిచ్చి ముంచుతనంటినా?" చెమట తుడుచుకుంటూ స్క్రూడ్రైవర్ ఆమె చేతిలో పెట్టాడు. "ముందుగాల స్క్రూ తియ్యవే తల్లీ. జైల్ల తర్వాత ఏద్దువు గని."

మొదటి స్క్రూ తిరిగింది. రెండోది సగం తిరిగి ఆగిపోయింది. మూడోదాని చుట్టూ లప్పం కాలి రాయిలా బిగిసిపోయింది, స్క్రూడ్రైవర్ మొన జారిపోయింది. పొగ దారం కాస్తా తాడంత లావైంది. కళ్లు మండుతున్నాయి. మోచేతి పక్కనే డీజిల్ ట్యాంకు ఉందన్న సంగతి ఒంటికి తెలుస్తూనే ఉంది.

"పగలగొట్టు!"

సంపత్ ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. టేకు అంత తేలిగ్గా లొంగలేదు. మళ్లీ కొట్టాడు. పలక నిలువునా చీలింది. ఇద్దరూ చీలికలో వేళ్లు దూర్చి బలంకొద్దీ లాగారు. సగం పలక చేతికొచ్చింది.

వెనక బ్యాటరీలు కనబడలేదు. ఎర్రమట్టి కనబడింది.

గోనెసంచి పీలికలు కలిపి మెత్తిన మట్టి. ఎండి, కాలి, కుండపెంకులా గట్టిపడింది. కింద గాలి కోసం సామ్యేల్ వేయించిన రంధ్రాలన్నీ దానితోనే మూసుకుపోయాయి.

"ఇదేంది?" సంపత్ అంచున ఒక పెంకు విరిచి చూశాడు.

రెజీనా జవాబు కోసం ఆగలేదు. సుత్తితో మట్టిని కొట్టింది. పెంకు పగిలి లోపలికి కూలింది. నల్లటి పొగ మొహాన తన్నింది. మరుక్షణం నాలుకంత మంట లేచింది. రాయమల్లు చెప్పినట్టే లేచింది.

పొగలో లావాటి తీగ ఒకటి మెలికలు తిరిగి, పైతోలు కారుతూ కనబడింది. ఆ తీగ చివర బిగించిన చోట నిప్పుకణిక. దాని పైన ఎర్రటి స్విచ్చు పిడి. డీజిల్ గొట్టం దానికి బెత్తెడు దూరంలో ఉంది.

తువ్వాలును తాగే నీళ్ల డబ్బాలో ముంచి చేతికి చుట్టుకుంది. ఊపిరి బిగబట్టి చెయ్యి లోపలికి పెట్టింది. పిడి అందింది. తిరగలేదు. తడిబట్ట సుయ్యిమంది. పళ్లు కరుచుకుని భుజం బలమంతా వేసి తిప్పింది. టక్.

నిప్పుకణిక నెమ్మదిగా మసకబారింది. మంట మాత్రం ఆరలేదు. కారిన రబ్బరును తింటూ గొట్టం వైపు పాకుతోంది.

అప్పుడు ఆమె భుజం మీదుగా ఒక చెయ్యి వచ్చింది. ముడతలు పడ్డ పెద్ద చెయ్యి. ఆ చేతిలో నీళ్లు కారే గోనెసంచి. రాయమల్లు దాన్ని మంట మీద వేసి, మూలమూలకూ వేళ్లతో అదిమాడు. ఎక్కడా సందు లేకుండా అదిమాడు. పొగ సన్నబడింది. ఆగింది.

ముగ్గురూ పైకొచ్చి పడ్డారు. సామ్యేల్ కూతురు చెయ్యి పట్టుకుని బొబ్బలు చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"బిగించిన నట్టు వదులైనట్టుంది. అది నా తప్పే," అన్నాడు. "కానీ రంధ్రాలుంటే వేడి బయటికి పోతుండె. వాసన మొదట్లనే తెలుస్తుండె. గా మట్టి ఎవలు మెత్తిండ్రు?"

సంపత్ తన చేతిలోని మట్టిపెంకును ఆయన ఒళ్లో పెట్టాడు. సామ్యేల్ దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. కింది నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా, బొటనవేలితో అదిమిన గుర్తులు. బాయిలో అడ్డుగోడలకు మట్టి అలాగే మెత్తుతారు. ఆ పని చేసినవాడు ఈ పడవలో ఒక్కడే ఉన్నాడు.

ఆయన తలెత్తి దోస్తు వైపు చూశాడు.

రాయమల్లు తడి చేతులు లుంగీకి తుడుచుకుని, అక్కడే చతికిలబడ్డాడు.

"నేనే సామ్యేలన్నా. రంగెయ్యకముందే వాసనొచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగుంది. నీకు చెప్పాలె. చెప్పలే. చెప్తే నా అలమరలన్నీ పీకుతవనుకున్న. రిటైరైనంక నన్నొక పనికి పిలిచినోనివి నువ్వొక్కనివే. నా చేతులు ఇంక పనికొస్తయని కాలనీల చూపెట్టుకుంటున్న. పీకితే ఏముంటది నాకు? అందుకని ఎవలు లేనప్పుడు వచ్చి బాయిల చేసినట్టే చేసిన. మట్టి మెత్తిన, పలక బిగిచ్చిన, స్క్రూల మీద లప్పం పెట్టిన. గాలి బంద్ చేస్తే అదే సల్లారుతదనుకున్న. నేను కట్టిన ఏ గోడా నన్ను మోసం చెయ్యలే. సంపత్ మీద బిడ్డ మాట పడ్డప్పుడు గూడ నోరు తెరవలే. ఇంకొకటున్నది, అది గూడ ఇను. ఇయ్యాల పొద్దున మీరు రేవు మెట్లు దిగకముందు అలమర మీద చెయ్యి పెట్టి చూసిన. చెయ్యి కాలింది. నాకెరుకే. ఎరుకుండి గూడ నీ చెయ్యి పట్టుకొని నేనే నిన్ను పడవెక్కిచ్చిన."