రివర్సులో వచ్చిన కారు

టైలరమ్మ ఎడమ మోకాలు ఆవిడ మాట వినడం మానేసి పదకొండేళ్లయింది. ముప్ఫై ఏళ్లు మిషను తొక్కిన కాలు, దాన్ని తప్పుపట్టడానికి లేదు. అందుకే ఆవిడ ఆటోమేటిక్ కారు తప్ప మరోటి నడపదు. క్లచ్చు ఉండదు, ఎడమకాలికి పనుండదు. ఆ కారుకి ఇరవై రెండేళ్లు. వెనక సీటు మీద ఎప్పుడూ బడిపిల్లల యూనిఫారాల మూటలే ఉంటాయి కాబట్టి ఆ సీటు మాత్రం ఇంకా కొత్తదిలాగే ఉంది.

అలాంటి కారుకి గేర్‌బాక్సు పోయింది. గేరు మారినప్పుడల్లా వెనకనించి ఎవరో మోచేత్తో పొడిచినట్టు ఎగిరిపడేది. ఓ రోజు ఎగరడం కూడా మానేసింది.

"కొత్తదెందుకక్కా, దండగ! రీబిల్ట్ వేయిద్దాం" అన్నాడు తమ్ముడు. "పాతదాన్నే పూర్తిగా విప్పి, అరిగిపోయినవి తీసేసి, కొత్తవి వేసి బిగిస్తారు. సగం ధరకొస్తుంది. నాకు బాగా తెలిసినాయన షెడ్డుంది."

బాగా తెలియడమంటే, ఒకసారి వాన పడుతుంటే ఆ షెడ్డులో గంటసేపు నిలబడ్డాడు.

ఆవిడ భర్త ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. సబ్బు మీది కాగితం కూడా చివరిదాకా చదివిగానీ స్నానానికి వెళ్లడు. బావమరిది ఆయనకి 'క్లాజుల బావ' అని పేరు పెట్టాడు. షెడ్డులో గేర్‌బాక్సు బిగిస్తున్నంతసేపూ ఆయన గ్యారంటీ కాగితం చదువుతూనే ఉన్నాడు. గేర్‌బాక్సుకి వెండిరంగు వేసి ఉంది. తళతళలాడుతోంది.

"పెళ్లికొడుకులా ఉంది కదక్కా!" అన్నాడు తమ్ముడు.

"రంగు చూసి బట్ట కొనకూడదురా" అందావిడ. కానీ కొనేశాక అంది.

రెండు రోజులు కారు వెన్నలా నడిచింది. మూడోనాడు, అంటే ఆదివారం పొద్దున్న, ఇంటి ముందు స్టార్టు చేసి గేరు వేస్తే ఇంజను గుర్రుమంది గానీ కారు అంగుళం కదల్లేదు. రివర్సు వేస్తే మాత్రం బుద్ధిగా వెనక్కి వెళ్లింది. ఆవిడ మళ్లీ ముందుకి వేసింది. ఉలుకూ పలుకూ లేదు. మర్నాడు పొద్దున్నే బడికి నూటనలభై పావడాలు అందాలి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే అనుకుంది.

షెడ్డు ఓనరుకి ఫోను చేశారు. ఆదివారం కూడా షెడ్డు తెరిచే ఉందట.

"తాడు కట్టి లాక్కొచ్చారో, గ్యారంటీ పోతుంది" అన్నాడాయన. "ఆటోమేటిక్‌ని లాగితే లోపల ఆయిలు ఆడదు, కాలిపోతుంది."

"పోనీ లారీ మీద ఎక్కించి తెస్తే?"

"అదీ కుదరదమ్మా. కాగితంలో రాసుంది, చూసుకోండి."

భర్త కళ్లజోడు సర్దుకుని చదివాడు. "'ఫిర్యాదు వచ్చినచో వాహనము స్వయముగా నడిచి షెడ్డునకు రావలెను.' ఏడో క్లాజు. నిజమే."

"నడవలేకే కదండీ ఫిర్యాదు!" అన్నాడు తమ్ముడు. "ఇదేం న్యాయం బావా?"

టైలరమ్మ భర్త చేతిలోంచి కాగితం లాక్కుంది.

"ముందుకే నడవాలని ఎక్కడైనా రాసుందా?"

ఆయన కాగితం తీసుకుని ఇంకోసారి చదివాడు. కాగితం తిరగేసి కూడా చూశాడు. "లేదు" అన్నాడు. ఆ ముఖంలో ఎన్నాళ్లగానో లేని వెలుగు కనిపించింది. "ఎక్కడా లేదు!"

షెడ్డు రెండు కిలోమీటర్లు. తమ్ముడి చేతికి ఎర్రగుడ్డ ముక్కొకటి ఇచ్చి కారు డిక్కీకి పదడుగుల దూరంలో నడవమంది. తను మెడ వెనక్కి తిప్పి, కుడిచేత్తో స్టీరింగు పట్టుకుంది. భర్త పక్కన కూర్చుని, కారు ముందద్దంలోంచి దూరమైపోతున్న తమ ఇంటిని చూస్తున్నాడు.

మొదటి మలుపులో మెడ పట్టేసింది. రెండో మలుపులో స్పీడు బ్రేకరు వచ్చింది. మూడో మలుపు దగ్గర, సైకిలు మీద వెళ్తున్న పెద్దాయన ఒకాయన కారు వెనకాల చేరాడు. వెనకాల అనుకున్నాడు పాపం. తీరా చూస్తే కారు ముఖమూ తన ముఖమూ ఎదురెదురుగా ఉన్నాయి. అద్దంలోంచి భర్త ఆయన్ని గుర్తుపట్టాడు. ఇద్దరివీ ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లలు. కిటికీ దించి మాటలు మొదలెట్టాడు.

"ఎలా ఉన్నారు? బీపీ తగ్గిందా?"

"తగ్గిందండీ. మీరెక్కడికి ఇలా?"

"గ్యారంటీకి!"

అలా వీధి చివరిదాకా, ఒకాయన తొక్కుతూ, ఒకాయన వెనక్కి పోతూ, పింఛను కబుర్లూ పళ్ల డాక్టరు కబుర్లూ చెప్పుకున్నారు.

కూడలిలో ట్రాఫిక్ పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఎటువైపు నించుని మాట్లాడాలో తేల్చుకోలేక, చివరికి ఆవిడ కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

ఆవిడ జరిగిందంతా చెప్పింది. భర్త ఏడో క్లాజు చదివి వినిపించాడు. పోలీసు ముఖం మారిపోయింది.

"మా ఇంట్లో ఫ్రిజ్జుకీ ఇలాగే చేశారమ్మా. పాడైన ఫ్రిజ్జులో చల్లదనం ఉంటేనే గ్యారంటీ అన్నారు" అని ఈల నోట్లో పెట్టుకున్నాడు. నాలుగువైపులా బళ్లు ఆపేశాడు. జనం అటూ ఇటూ నిలబడి చూస్తుండగా, ఇరవై రెండేళ్ల కారు కూడలి మధ్యలోంచి వెనక్కి వెనక్కి ఊరేగింపులా దాటింది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. టైలరమ్మకి సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగక, కళ్లలో నీళ్లు తిరిగి దారి కనబడక, కారు ఓ నిమిషం ఆపాల్సి వచ్చింది.

షెడ్డులోకి కారు తిన్నగా వీపు పెట్టి వచ్చి, జాకీ ముందు ఆగింది.

ఓనరు నోరు తెరిచాడు. "రివర్సులో ఇంత దూరమా! గేర్‌బాక్సు ఏమైపోతుంది? ఇది మీరు పాడుచేసినట్టే."

"ఏ క్లాజు కింద?" అన్నాడు భర్త మర్యాదగా, జేబులోంచి కాగితం తీస్తూ.

షెడ్డులో అప్పటికే ముగ్గురు కొనడానికొచ్చినవాళ్లున్నారు. గోడవార వెండిరంగు గేర్‌బాక్సులు బేరం చేస్తున్నవాళ్లు ఇటు తిరిగారు. ఓనరు వాళ్లనీ చూశాడు, కాగితాన్నీ చూశాడు. మింగలేకా కక్కలేకా, "విప్పండ్రా" అన్నాడు.

"నా కళ్ల ముందే విప్పాలి" అంది టైలరమ్మ. తమ్ముణ్ణి ఇంటికి పంపి పావడాల మూట తెప్పించుకుంది. నూనె డబ్బాల మధ్య, కుర్చీ మీద పాత పేపరు పరుచుకుని హుక్కులు కుడుతూ కూర్చుంది. కొనడానికొచ్చిన ముగ్గురిలో ఒక్కరూ కదల్లేదు. ఒకావిడైతే సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి గేర్‌బాక్సు ముక్కలుముక్కలుగా బల్ల మీద ఉంది. మెకానిక్కు ఒక్కొక్కటే తుడిచి చూశాడు. "అన్నీ బాగానే ఉన్నాయి సార్" అన్నాడు.

"చెప్పానా!" అన్నాడు ఓనరు.

టైలరమ్మ సూది గుచ్చి పెట్టి లేచొచ్చింది. గుండ్రటి లోహపు పళ్లెంలాంటిది ఒకటుంది. దాని చుట్టూ పల్చటి రబ్బరు అంచు.

"ఇది దేనికి బాబూ?"

"సీలంటారమ్మా. ఆయిలు ఒత్తిడి పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడి నిలిస్తేనే బండి ముందుకెళ్తుంది. రివర్సుకి వేరే ఉంది."

ఆవిడ దాని చుట్టూ వేలి కొసతో నిమిరింది, పావడా అంచు చూసినట్టు. ఒకచోట ఆగింది.

"ఇక్కడ లోపలికి మడతపడింది. మడత మీదే బిగించేశారు, చిరిగింది. తొందర్లో కుట్టిన పని ఇలాగే ఉంటుంది."

మెకానిక్కు వెలుతుర్లోకి పట్టి చూసి, తలదించుకున్నాడు. "నేనే బిగించానమ్మా. ఆ రోజు మూడు బళ్లున్నాయి."

బేరం చేస్తున్నవాళ్లలో ఇద్దరు చెప్పులేసుకున్నారు. ఓనరు గబగబా, "కొత్త సీలు వేసి, అన్నీ మళ్లీ చూసి నేనే బిగిస్తాను. గ్యారంటీ రెండింతలు రాసిస్తాను. నాలుగు రోజులివ్వండి" అన్నాడు.

"ఇస్తాను. మరి రేపు నా పావడాలు?"

"నా కారు తీసుకెళ్లండమ్మా."

"దానికి క్లచ్చుంది. నాకు మోకాలు లేదు."

సోమవారం ఏడున్నరకి షెడ్డు ఓనరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన కారు వెనక సీటు నిండా పావడాలతో బడి గేటు ముందు దిగాడు. మూటల్ని రెండు అంతస్తుల పైకి తనే మోశాడు. ఆయాసపడుతూ ఆవిడ దగ్గరికి వచ్చి, "మీ పని కూడా తేలిక కాదమ్మా" అన్నాడు. దాంతో ఆవిడ కోపం సగం పోయింది. మిగతా సగం దాచుకుంది.

గురువారం సాయంత్రం కారు ఇచ్చారు. షెడ్డులోంచి బయటికి ముందుకే వచ్చింది. ఒకటో గేరు, రెండు, మూడు, ఎప్పుడు మారాయో తెలియనంత మెత్తగా మారాయి. ఆవిడ చెవులు ఇంజను మీదే పెట్టి నడుపుతోంది.

"ఏమే, మన ఇల్లు దాటిపోయింది" అన్నాడు భర్త.

"తెలుసండీ" అందావిడ. "ముందుకెళ్తోంది కదా, కాసేపు వెళ్లనివ్వండి."