కరెంటు వచ్చాక

ఆళ్లగడ్డ బస్సు దిగి, చంకలో నెమలీకల కట్ట పెట్టుకుని నంద్యాలలోని కాలేజీ మెట్లెక్కుతూ కాశీంపీరా చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. నల్లగా, సన్నగా ఉంటాడు. పాఠాలు చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. దూదేకులవాళ్ల ఇంట పుట్టి ఎమ్మే చదివాడు. ఏళ్ల తరబడి పార్ట్‌టైం లెక్చరరు. చెప్పేది ఇస్లాం సంస్కృతి.

ఆ పేపరుకు మొదటినుంచీ తిప్పలే. "పీర్లపండగ మనది కాదంటాండారు మసీదులో, ఎందుకు చెప్తారు సార్?" అని ముస్లిం పిల్లలు అడిగేవారు. "మాకెందుకు సార్ ఇదంతా?" అని మిగతావాళ్లు అనేవారు. ఇరుపక్కలా సర్దిచెప్పుకుంటూ నెట్టుకొచ్చాడు. ఈ ఏడు యూనివర్సిటీ పాఠాల సీడీలు పంపింది. ఇక అతని పని కంప్యూటర్ గదిలో పిల్లలు అల్లరి చేయకుండా చూడటమే.

ఆ రోజూ తెరమీద ఎడారి, గుమ్మటాలు, ఎవరిదో నున్నటి గొంతు. సగంలో కరెంటు పోయింది. ఎవరో కిటికీలు తెరిచారు.

కోయిలకుంట్ల అమ్మాయి లూదియా లేచింది.

"సార్, మా ఊర్లో పీర్లెత్తేది బోయోళ్లు. వాళ్లు ముస్లింలు కాదు గదా, ఎందుకెత్తుతారు? దీంట్లో ఆ మాటే ల్యా."

అలాంటి ప్రశ్న విని ఎన్నాళ్లయిందో. కాశీంపీరా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మంచిది అడిగినావమ్మా. పీర్లు ప్రాణాలిడిసిన కర్బలా యాడ, కోయిలకుంట్ల యాడ. ఒక కరువులో వానకోసం పీర్లకు మొక్కుకున్యారు ఆ బోయోళ్లు..."

వెనక బెంచీల వాళ్లు దగ్గరికి జరిగారు. అతని గొంతు తేటపడింది.

"మొక్కినాక ఏమయిందంటే..."

ఫ్యాన్లు తిరిగాయి. కంప్యూటర్లు చూసుకునే సురేష్ వచ్చి సీడీ మళ్లీ మొదటినుంచి పెట్టాడు.

"రెండు నిమిషాలు ఆపప్పా."

"ఇంకో బ్యాచి కాచుకోనుంది సార్."

పిల్లలు తెరవైపు తిరిగారు. పరీక్షలో వచ్చేది అదే. లూదియా కాసేపు అతన్నే చూసి, తనూ పెన్ను తీసింది.

సాయంత్రం ప్రిన్సిపాల్ విజయమ్మ పిలిపించింది.

"వచ్చే నెలనుంచి ఆ పీరియడ్ సురేషే చూసుకుంటాడు పీరాసారూ. పైనుంచి అట్లే వచ్చింది. నా చేతుల్లో ఏం ల్యా."

"అట్లే మేడం."

హాజరు పుస్తకం ఆమె బల్లమీద పెట్టి బయటికి నడిచాడు.

నెలాఖరుదాకా ఆగలేదు. మర్నాటినుంచే ఆళ్లగడ్డలో తమ్ముడి పరుపుల అంగట్లో, ముక్కుకు గుడ్డ కట్టుకుని దూది కూరుతూ కూర్చున్నాడు. పాత విద్యార్థులు పలకరిస్తే తలాడించేవాడు, అంతే.

ఆ రోజు పిల్లలకు చూపిద్దామని దర్గాలో అడిగి తెచ్చిన, తలమీద నిమిరి దీవించే ఆ నెమలీకల కట్ట కంప్యూటర్ గదిలోనే ఉండిపోయింది. సురేష్ దాంతో మానిటర్ల దుమ్ము దులుపుతున్నాడు. కొసలు అరిగి, నెమలికన్నులు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి.