పదిహేడు అంగుళాలు

మాస్టారి కంటికి లోకంలో ప్రతిదీ వదులుగానో బిగుతుగానో కనబడుతుంది. ముప్ఫై ఏళ్ళుగా కోట్లూ ప్యాంట్లూ కుట్టి బతికిన మనిషికి మరోలా కనబడమంటే ఎలా కనబడుతుంది? ఎదురొచ్చేవాడి మొహం కంటే ముందు భుజాలు చూస్తాడు. ఎవరింటికి వెళ్ళినా కిటికీ పరదా అరంగుళం ఎక్కువైందని గొణుక్కుంటాడు. నాలుగేళ్ళ క్రితం ముచ్చటపడి పెద్ద కారు కొన్నప్పుడు కూడా అంతే. చూడవచ్చినవాళ్ళంతా ఇంజను సంగతి అడుగుతుంటే, ఈయనగారు చక్రాల ముందు గొంతుక్కూర్చుని పెదవి విరిచాడు.

"చక్రం ఇంతే, చుట్టూ రబ్బరు ఇంత. అన్నయ్య కోటు తొడుక్కున్న పిల్లాడిలా లేదూ?"

భార్య నవ్వింది. "బండికి కూడా కొలతలు తీసే మొగుణ్ణి నేనొక్కదాన్నే చేసుకున్నాను" అంది.

నెల తిరక్కుండా పదిహేడు అంగుళాల చక్రాలు తీయించేసి ఇరవై అంగుళాలవి వేయించాడు. రబ్బరు ఆరంగుళాల నుంచి నాలుగుంపావుకి దిగింది. తళతళలాడే పెద్ద చక్రం, దాని చుట్టూ కోటు అంచుకి పైపింగు వేసినట్టు సన్నగా టైరు. టైర్ల షాపు నడిపే ఆవిడ అప్పుడే నెత్తీ నోరూ బాదుకుంది. రబ్బరు తగ్గితే కుదుపు పెరుగుతుంది మాస్టారూ, ఆ లావు ఊరికే పెట్టలేదు అని. ఈయన చెవిన వేసుకోలేదు. నున్నగా కుదిరింది, అంతే చాలు. ఫోటోలు తీసుకున్నాడు కూడా.

ఆ తర్వాత రెండేళ్ళకి భార్యకి జబ్బు చేసింది. రొమ్ములో మొదలైంది. కోసి తీసేశారు, పోయిందన్నారు, ఏడాది తిరిగాక వెన్నుపూసల్లో తేలింది. మందు ఎక్కించే ఆసుపత్రి రెండు గంటల దూరం. మంగళవారం మంగళవారం వెళ్ళాలి, మొత్తం పన్నెండు సార్లు. ఆమె కూర్చోలేదు కాబట్టి వెనక సీటులో బొంతలు పరిచి పడుకోబెట్టి తీసుకెళ్ళేవాడు. దారి మధ్యలో ఎనిమిది కిలోమీటర్లు రోడ్డు పెచ్చులూడిపోయి ఉంటుంది. మామూలు మనుషులు ఆ ఎనిమిది కిలోమీటర్లూ తిట్టుకుంటూ దాటేస్తారు. ఆమె మాత్రం పళ్ళ మధ్య చీర కొంగు కుక్కుకుని దాటేది. ఎన్ని బొంతలు వేసినా ప్రతి గతుకూ సన్నటి రబ్బరు దాటుకుని తిన్నగా ఆమె వెన్నులోకే వెళ్ళేది. ఈయన అద్దంలో చూస్తూ, తనను తాను తిట్టుకుంటూ, ఎద్దుబండిలా తోలేవాడు.

ఆమెకి చెప్పకుండా ఒక పని మాత్రం చేస్తూ వచ్చాడు. మంగళవారం పొద్దున్నే బయల్దేరేముందు నాలుగు టైర్లలోనూ కాస్త కాస్త గాలి తీసేసేవాడు. బిగుతుగా ఉన్నదాన్ని వదులు చేస్తే మెత్తబడుతుందని ఆయన లెక్క. ఆయనకి తెలిసిన విద్య అదొక్కటే మరి.

ఐదోసారి వెళ్ళొచ్చిన సాయంత్రం ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, మెల్లగా అంది.

"ఇంక నేను రానండీ."

"అదేం మాట? ఇంకా ఏడున్నాయి."

"మందుకి భయపడి కాదు. వాంతులు పడతాను. జుట్టు పోతే పోయింది, దువ్వుకునే బాధ తప్పింది. ఆ దారి ఒక్కటే నా వల్ల కాదు. సోమవారం నుంచే ఒళ్ళు వణుకుతోంది. ఆ దారి లేకపోతే పన్నెండు కాదు, పాతికైనా చేయించుకుంటాను."

ఆయన రాత్రంతా ఆ మాటే పట్టుకుని కూర్చున్నాడు. ఆమె చావుకి ఒప్పుకోలేదు, దారికి మాత్రమే ఓడిపోయింది. దారిని ఆయన మార్చలేడు. చక్రాల్ని మార్చగలడు. వచ్చే మంగళవారంలోగా మార్చాలి.

తెల్లవారి టైర్ల షాపుకి వెళ్ళేసరికి మెడలో టేపు అలాగే వేలాడుతోంది. షాపు ఆవిణ్ణి అందరూ టైర్లక్క అంటారు. తండ్రి తర్వాత షాపు అందుకుంది. మోచేతులదాకా మసి, నోరు బారెడు. బండిని జాకీ మీద ఎత్తి, ముందు చక్రం ఒక చుట్టు తిప్పి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మాస్టారూ, గాలి తగ్గించి తిప్పుతున్నారు కదూ?"

ఆయన మెడలో టేపు సర్దుకున్నాడు.

"రెండంచులూ నున్నగా అరిగిపోయాయి, నడుమ చూస్తే నిన్న కొన్నట్టుంది. ఇదిగో, ఈ పక్కన బుడగ చూశారా? ఇంకో వారం తిరిగితే దారిలోనే పేలేది. పెద్దవాళ్ళు, మీకిదేం బుద్ధి?"

 మెత్తగా తీసుకెళ్తున్నాననుకుని ఆమెని దేని మీద పడుకోబెట్టి తీసుకెళ్ళాడో అప్పటికి ఆయనకి అర్థమైంది. అక్కడున్న పాత టైరు మీద కూలబడి, జరిగిందంతా చెప్పాడు. టైర్లక్క మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆవిడ అంతసేపు నోరు మూసుకోవడం ఆ షాపులో ఎవరూ చూసి ఉండరు.

"ఆరోజు చెప్పావమ్మా నువ్వు. నా కళ్ళు నెత్తికెక్కి వినలేదు" అన్నాడు చివరికి.

"ఆ సంగతి వదిలేయండి. అమ్మ వెనక సీటులో పడుకుంటారు, అంతేగా? చూద్దాం."

ఆయనకి రబ్బరు ఎంత లావైతే అంత కావాలి. పదిహేడు వద్దు, పదహారు వేసెయ్యమన్నాడు. చక్రం చిన్నదైతే రబ్బరు పెరుగుతుంది కదా అని. ఆవిడ వాదించకుండా మూల నుంచి ఒక పదహారు రిమ్ము దొర్లించుకొచ్చి బిగించి తిప్పింది. కర్రుమని శబ్దం. లోపల బ్రేకుకి గీసుకుంటోంది.

"కొంచెమే కదా తగులుతోంది. కాస్త అరగదీస్తే సరిపోదూ?"

"ఇది కుట్టు విప్పి వదులు చేసే వ్యవహారం కాదు మాస్టారూ, బ్రేకు."

ఆయన మళ్ళీ లేచి, అరలో ఉన్న టైర్లని ఒక్కొక్కటే, బట్ట నాణ్యం చూసినట్టు బొటనవేలితో నొక్కి చూశాడు. ఒకటి బాగా మెత్తగా తగిలింది. అది ఇమ్మన్నాడు.

"అది చిన్న కార్లది. పక్కనున్న ఈ అంకె ఎంత బరువు మోస్తుందో చెప్తుంది. మీ బండి బరువుకి అది చాలదు. మెత్తగా ఉందని చాలనిది వేస్తే గాలి తగ్గించినదానికీ దీనికీ తేడా ఏముంది?"

ఆఖరికి ఎవరో పెద్ద చక్రాల మోజులో వదిలేసిపోయిన పదిహేడు అంగుళాల రిమ్ములు నాలుగు బయటికొచ్చాయి. వాటికి ఆరంగుళాల రబ్బరున్న టైర్లు. ఆయన టేపు తీసి రెండుసార్లు కొలిచాడు. మొదట బండితో వచ్చిన కొలతే అది. అన్నయ్య కోటు అని వెక్కిరించిన కొలతే. ఆయన మొహం చూసి టైర్లక్క మాట మార్చింది.

"విప్పేముందు ఒక పని చెయ్యండి. మీరు వెనక సీటులో పడుకోండి. నేను నడుపుతాను. కొత్తవి వేశాక మళ్ళీ పడుకోండి. తేడా మీ ఒంటికే తెలుస్తుంది, నన్ను అడగక్కర్లేదు."

షాపు వెనక గిడ్డంగుల సందు, లారీలు తిరిగి తిరిగి గుల్లయిపోయింది. ఆయన బొంతల మీద వెల్లకిలా పడుకున్నాడు. తలగడలో ఆమె తలకి రాసుకునే నూనె వాసన. మొదటి గతుక్కి పళ్ళు టకటకలాడాయి. రెండోదానికి నడుములో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. ఐదుసార్లు అటూ ఇటూ, పది ప్రయాణాలు, ఆయన స్టీరింగు ముందే కూర్చున్నాడు. ముందు సీటుకి తెలిసే కుదుపు వేరు, వెనక పడుకున్న ఒంటికి తెలిసేది వేరు అని ఒక్కసారైనా అనుకోలేదు. జబ్బూ గిబ్బూ లేని ఎముకలివి. కుళ్ళిపోయిన ఎముకలకి ఎలా ఉండి ఉంటుంది? ఆయన అక్కడే, ఆ తలగడలో మొహం దూర్చి, వెక్కి వెక్కి ఏడ్చాడు. టైర్లక్క వెనక్కి చూసే అద్దం పైకి తిప్పేసి, సందు చివరిదాకా పోయి నెమ్మదిగా తిప్పుకొచ్చింది.

కొత్తవి వేశాక మళ్ళీ అదే సందు. గతుకులున్నట్టు తెలుస్తోంది, కానీ ఒంటిదాకా రావడంలేదు. ఎవరో పక్కగదిలో తలుపు వేసినట్టు దూరంగా తెలుస్తున్నాయంతే.

"ఇప్పుడు?" అంది ముందు నుంచి.

"వస్తుందమ్మా. మా ఆవిడ వస్తుంది."

ఇంటికెళ్ళి ఆమెని బతిమాలాడు. ఒక్కసారి చూడు, నచ్చకపోతే మళ్ళీ అడగను అన్నాడు. తప్పంతా తనదేనని, నాలుగేళ్ళ కిందటి ముచ్చట దగ్గర్నుంచి గాలి తీసిన సంగతిదాకా, దాచకుండా ఒప్పుకున్నాడు. ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"నాకోసం అందం చంపుకున్నారన్నమాట బండికి" అంది. వస్తానన్నట్టే.

మంగళవారం బయల్దేరారు. పెచ్చులూడిన రోడ్డు మొదలవగానే ఆయన వేగం తగ్గించాడు. అద్దంలోకి చూడటానికి ధైర్యం చాలలేదు. వెనక నుంచి మూలుగు వినబడుతుందేమోనని చెవులు రిక్కించి, ఊపిరి బిగబట్టి నడిపాడు. ఏమీ వినబడలేదు. రోడ్డు మళ్ళీ బాగుపడ్డాక ఆమె గొంతు వచ్చింది.

"ఆ పాడు రోడ్డు ఇంకా రాలేదేంటి?"

"దాటేశాం."

"అబద్ధం!"

"ఒట్టు. ఇందాకే దాటేశాం."

ఆమె నవ్వింది. నెలల తర్వాత, గట్టిగా, పడుకునే నవ్వింది. ఆయన కళ్ళు మసకబారి రోడ్డు కనబడక, వైపర్లు వేశాడు. వాన లేదని ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆ మిగతా గంటంతా ఆయనకి ఏ కోటు కుట్టినప్పుడూ కలగనంత తృప్తి కలిగింది. గెలిచాననుకున్నాడు పాపం.

ఆసుపత్రిలో ఆమెని చక్రాల మంచం మీద వరండాలో ఉంచి, డాక్టరమ్మ ఆయన్నొక్కణ్ణే లోపలికి పిలిచింది. కిందటి వారం తీసిన స్కాను ఎదురుగా పెట్టుకుని ఉంది.

"మందు పనిచెయ్యడంలేదండీ. కాలేయంలోకి కూడా వచ్చింది. ఇక ఇది ఆపేద్దాం. ఎక్కిస్తే బాధ తప్ప లాభం లేదు. నొప్పి తెలియకుండా ఇంటి దగ్గరే ఇవ్వడానికి మందులు రాసిస్తాను. ఆవిణ్ణి ఇంత దూరం మళ్ళీ తిప్పకండి."

"టైర్లు మార్చానండీ" అన్నాడు.

డాక్టరమ్మకి అర్థంకాలేదు.

"కొత్తవి వేయించాను. లావువి. ఇప్పుడు కుదుపు లేదు. తనకి ఏ కష్టమూ లేకుండా తీసుకొస్తాను. ఎన్నిసార్లైనా."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన చెయ్యి పట్టుకుంది.

బయటికొస్తే ఆమె మంచం మీద తల ఎత్తి ఆయన కోసమే చూస్తోంది. ఆయన నోరు తెరిచేలోగా తనే అందుకుంది.

"నేనొకటి అనుకున్నానండీ. మిగతా ఏడూ చేయించుకుంటాను. ఇలా అయితే రాగలను. ఇవాళ దారిలో నిద్ర కూడా పట్టింది, తెలుసా? ఇంకేంటి, ఎప్పుడు మొదలుపెడతారు?"

ఆయన కళ్ళు దించి ఆమె దుప్పటి అంచు సర్దాడు.

"ఇవాళ కాదు. రక్తం తక్కువుందట. వచ్చే మంగళవారం రమ్మన్నారు. తప్పకుండా అయిపోతుందన్నారు."

దర్జీ బల్ల వెనక నిలబడి ముప్ఫై ఏళ్ళుగా ఆయన చెప్పే మాట అది. కోటు కోసం వచ్చినవాడికి, ఆ కోటు గుడ్డ ఇంకా మడత కూడా విప్పకుండా అటక మీద ఉన్నప్పుడు, కళ్ళలోకి చూడకుండా టేపు సర్దుకుంటూ చెప్పే మాట. వచ్చే మంగళవారం రండి, తప్పకుండా అయిపోతుంది. ఆ బల్ల పక్కనే కూర్చుని కాజాలు కుట్టిన మనిషి ఆమె. ఆ గొంతు ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

 ఆమె చాలా మెల్లగా అడిగింది.

"గుడ్డ ఇంకా కత్తిరించనే లేదు కదండీ?"

ఆయన తల వంచుకున్నాడు. లేదన్నట్టు ఊపాడు.

ఆమె నిబ్బరంగా ఉంటుందనుకున్నాడు. ఎప్పుడూ ఉండేది. ఈసారి ఉండలేకపోయింది. ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

"నేను వస్తానన్నాను కదా. అప్పుడంటే రానన్నాను, నిజమే. ఇప్పుడు వస్తానంటున్నానుగా. నొప్పి లేదండీ ఇప్పుడు. లోపలికెళ్ళి చెప్పండి, వస్తుందని చెప్పండి."

"చెప్పానే" అన్నాడు ఆయన. "చెప్పాను."

ఆమెని ఎత్తి వెనక సీటులో పడుకోబెట్టాడు. తల కింద తలగడ సర్ది, కాళ్ళ మీద దుప్పటి కప్పి, బండి తీశాడు. పెచ్చులూడిన రోడ్డు వచ్చింది, పోయింది. ఇంటిదాకా ఎక్కడా ఒక్క కుదుపు లేదు. ఆమె దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది.