గాలి పట్టిన పొక్లెయిను

గ్రీష్మాతపదగ్ధములైన గండశిలలు ప్రొద్దు వాలినను వేఁడిమి విడువక సెగలు గ్రక్కుచుండఁగా ఉలుల చప్పుడు సైతము సద్దుమణిగిన యా రాతిగనియందు చిరసేవాజీర్ణమైన పీతవర్ణమహాయంత్ర మొకటి తొండము నేలమోపి కుంగిన కరీంద్రమువలెఁ బడియుండెను. లోకులు పొక్లెయినని పిలుచు నా త్రవ్వుడుయంత్రమును యౌవనమునుండియు నడపినవాఁడు ఓబులేసు. గనియజమాని చెంగలరెడ్డి, యంత్రముచేయి పైకి లేవకుండుటఁ జూచి, దానిని పాతయినుమునకుఁ బంప నిశ్చయించి లారీకిఁ గబురుపెట్టెను. దానిచేయి లేచినచో నుంచుకొనెదరా యని యోబులేసు చేతులు నలుపుకొనుచు నడుగఁగా నతఁడు "చూతము" అనెను. మనవారి నోట చూత మనఁగా కాదనుటకు మొగమాటము ముసుఁగు వేయుటయే యని యెల్లరకుఁ దెలియును. ఆశపడినవానికి మాత్రము తెలియదు.

ఓబులేసు ఇంజను నడిపి పంపుచెంతఁ జెవి యొగ్గెను. కంకర నమలినట్టి చప్పుడు వినవచ్చెను. తొట్టిలోని నూనె నురుగుగట్టియుండెను. గాలి పట్టినదని గొణిగికొని యతఁడు నవ్వెను, నవ్వుచుండఁగనే కన్నులు చెమర్చెను. ఏలయన మున్నొకనాఁడు కాలువపనియొద్ద నీ మాటయే విని, క్రొత్తగాఁ గాపురమునకు వచ్చిన యతని భార్య సుంకులమ్మ యంత్రమునకు దయ్యము సోకినదని తలఁచి నిమ్మకాయలును వేపమండలును గొని పరువెత్తివచ్చి పనివారందఱు పొట్టచెక్కలగునట్లు నవ్వుచుండఁగా దిష్టి తీసినది. ఆ సాయంకాల మతఁ డామెను గద్దెపైఁ గూర్చుండఁబెట్టి మర్మము దెలిపెను. ఇంజను పంపును ద్రిప్పును. పంపు నూనెను గొట్టములలోనికిఁ దోయును. ఎంత యొత్తినను నలఁగని యా నూనె ఉక్కుకడ్డీని నెట్టఁగాఁ జేయి లేచును, ఆ నూనెయే మోటారులను ద్రిప్పఁగాఁ జక్రములకు మాఱుగా నున్న యినుపపట్టాలు నడచును. నడుమ గాలి చొరఁబడెనా, దూదిపరుపువలె నణఁగి బలమంతయు మ్రింగును.

సుంకులమ్మ యంతయు విని "అటులైన నేను దీసిన దిష్టి తప్పు గాదు. పట్టినది గాలియే కదా" అనెను. ఆమె కాలము చేసి యేండ్లు గడచినను ఆ మాట తలఁపునకు వచ్చినప్పుడెల్ల నతనికి నవ్వును దుఃఖమును గలిసియే వచ్చుచుండెను.

తొట్టినుండి పంపునకుఁ బోవు రబ్బరుగొట్టము బీటవాఱి గాలిని బీల్చుచుండుటఁ గనిపెట్టి యతఁడు దానిని మార్చెను. బిగింపులు బిగించి నూనె నింపి బిరడా వదులుచేసి బుడగలు పోయి తేటనూనె వెడలువఱకు నోపికతోఁ గాచికొనెను. పిమ్మట గద్దె నెక్కి మీట లాగఁగా చేయి తొలుత వణఁకి యాపై మెల్లమెల్లగా నాకసమువైపు లేచెను. ఓబులేసు మీసము దువ్వెను.

అంతలో లారీ వచ్చెను. వెంటవచ్చిన చెంగలరెడ్డి లేచిన చేయిఁ జూచి సంతసించి "మేలు చేసితివి, ఓబులేసూ. ఇఁక క్రేనుతోఁ బనిలేదు. అది తానే లారీ యెక్కఁగలదు" అనెను.

ఓబులేసు లేచిన చేయివంకఁ జూచెను. కోఁతకుఁ దానే నడిచిపోవుటకా దానికి నడక యిచ్చితినని కుమిలిపోయెను. లారీవాఁడు గద్దె నెక్కఁబోవఁగా వానిని వారించి తానే పట్టాలను వాలుపలకలమీఁదుగా నెక్కించి చేయి ముడిచి లారీపై నానించి ఇంజను నాపెను.

దిగఁబోయి మరల నాఁగెను. గొట్టములలో నొత్తిడి నిలిచియున్నచో రేపు గ్యాసుమంటతోఁ గోయువారిపై నూనె చిమ్మి కాల్చును. వారును బిడ్డలుగలవారే యనుకొని మీటలను బట్టి యిటునటుఁ గదల్చి తానిచ్చిన బలమును దానే విడిపించెను. యంత్రము దీర్ఘముగా నిట్టూర్చి చల్లఁబడెను. మక్కువగలదానిని నిలుపుకొనలేని వానికి, దానివలన నొరులకుఁ గీడు గలుగకుండ సాగనంపుటయే మిగిలిన ధర్మము. ఆ ధర్మము నెఱవేఱినను ఓబులేసు మీటలమీఁది చేతులను చాలసేపటివఱకుఁ దీయఁడయ్యెను.