వెనక సైకిలు

ఎడారిలో రెండు జతల మేజోళ్ళు ఉతకడానికి అరచెంబు నీళ్ళు చాలు. ఈ సంగతి పంతొమ్మిది రోజుల ప్రయాణం ఆమెకి నేర్పింది. ముందు పొడి గుడ్డకే సబ్బు రుద్ది, తర్వాత చుక్కలు చుక్కలుగా పోస్తూ పిండి, సైకిలు సంచుల మీద క్లిప్పులు పెట్టి ఆరేస్తే పది కిలోమీటర్లు తొక్కేలోపు కరకరలాడిపోతాయి. రెండు జతలూ భర్తవే. ఆమె వేసుకున్నవి మూడు రోజులుగా కాళ్ళకే ఉన్నాయి.

"జావ అయిందా?" అంటూ ఆయన డేరాలోంచి తల బయటపెట్టాడు. "ఇవాళ గాలి వెనక నుంచి. మధ్యాహ్నానికల్లా డెబ్భై కిలోమీటర్లు లాగేయాలి."

ఆయన కాలేజీలో భూగోళం చెప్పి రిటైరయ్యాడు. సైకిలు మీద దేశాలు తిరిగి ఆదివారం పేపర్లో రాస్తాడు. ఆ వ్యాసాల్లో ఆమె అప్పుడప్పుడూ వస్తుంది, "సరదాగా మా ఆవిడ కూడా" అని. సరదాగా రాలేదు. "వాడికి బయటి తిండి పడదు, నువ్వు వెంట ఉంటే నాకు నిశ్చింత" అని అత్తగారు పంపించింది. అయిదేళ్ళుగా దాచుకున్న సెలవంతా పెట్టి వచ్చింది. ఆస్పత్రి ల్యాబులో ఆమెది ఇరవై ఏడేళ్ళ సర్వీసు. మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి ఆమె చూస్తుంది, రిపోర్టు కింద డాక్టరు సంతకం చేస్తాడు. ఒకసారి ఎవరికీ అంతుపట్టని జబ్బు ఆమె కంట పడింది. పెద్దడాక్టరు అందరి ముందూ "మన ల్యాబు చాలా మంచిదయ్యా" అన్నాడు, కొత్తగా కొన్న యంత్రాన్ని మెచ్చుకున్నట్టు. ఆ రోజు ఇంటికెళ్ళి చెబితే భర్త పేపరు దించకుండానే "మంచిదేగా" అన్నాడు. ఇక్కడికొచ్చాక ఆమెకి ఒకటి అర్థమైంది. ఇల్లు వదిలి రాలేదు, ఇంటికి రెండు చక్రాలు తగిలించుకుని వచ్చింది. స్టవ్వు, గిన్నెలు, తిండి సామాను, నీళ్ళ డబ్బాలు, డేరా, అన్నీ ఆమె సైకిలు మీదే. "బరువుంటే గాలికి నిలకడగా ఉంటావు" అన్నాడు ఆయన మొదటి రోజు. ఆయన సైకిలు మీద కెమెరా, మ్యాపు, బట్టలు.

తేలిక సైకిలు ముందుంటుంది, వింతేం లేదు. ఆయన గంటకోసారి ఆగి, ఏ రాయి నీడనో కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. ఆమె ఆయాసపడుతూ చేరుకోగానే లేచి "పదపద, ఎండ ముదురుతోంది" అనేవాడు. పంతొమ్మిది రోజులుగా ఆయన విశ్రాంతి తీసుకున్న ప్రతిచోటుకీ ఆమె వెళ్ళింది. ఒక్కచోటా కూర్చోలేదు.

ఆ రోజు పదకొండు దాటాక గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. రోడ్డుకి రెండు పక్కలా గులకరాళ్ళ మైదానం తప్ప మరేం లేదు. దూరంగా చుక్కంత కనిపిస్తున్న భర్త చొక్కా మీదే పొద్దున్నుంచీ ఆమె చూపు. పడమటి వైపు ఆకాశం అడుగున ఇటుకరంగు గీత లేచింది. గీత గోడయ్యింది. గోడ కదిలింది. రెండు నిమిషాల్లో చొక్కా కనిపించలేదు, తర్వాత రోడ్డు కనిపించలేదు. ఇసుక చెంపల మీద సూదుల్లా గుచ్చుకుంటుంటే సైకిలు దిగి, చేత్తో తడుముకుంటూ పక్కకి జారింది. రోడ్డు కింద సిమెంటు తూము తగిలింది. సైకిల్ని లోపలికి ఈడ్చుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని కూర్చుంది.

ఎంతసేపో తెలీదు. గాలి హోరు కాస్త తగ్గాక ఎక్కడో ఉరిమింది. తడిమట్టి వాసన ముక్కుకి తగిలింది. హాయిగా ఉంది అనుకోబోయి ఉలిక్కిపడింది. నీళ్ళు రాని చోట ఎవరూ తూము కట్టరు కదా! లేచి సైకిల్ని లాగితే బరువుకి కదల్లేదు. సంచులు ఒక్కొక్కటే విప్పి, గట్టెక్కించి, రోడ్డు దాటించి, అవతలి మిట్ట మీదికి మోసింది. అయిదుసార్లు ఎక్కి దిగింది. ఆరోసారి సైకిలు. అప్పటికి చినుకులు రాళ్ళలా పడుతున్నాయి. మెరుపులకి భయపడి సైకిల్ని దూరంగా పడుకోబెట్టి, డేరా గుడ్డ నెత్తిన కప్పుకుని గొంతుక్కూర్చుంది. కాసేపటికి వాగు వచ్చింది. ముందు నురగ, తర్వాత ముళ్ళకంపలు, తర్వాత ఎర్రటి నీళ్ళు, ఆమె ఇందాక కూర్చున్న తూము నిండా. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు.

వాన వెలిశాక స్టవ్వు వెలిగించి టీ పెట్టింది. అలవాటుకొద్దీ రెండు గ్లాసుల నీళ్ళు పోసి, ఒక గ్లాసు మళ్ళీ డబ్బాలోకి వంపేసింది. వేడిగా ఉండగానే చివరిదాకా తాగింది. అత్తగారి మందులు, ఆయన జావ, రేపటి సామాను, ఏదీ బుర్రలోకి రాలేదు. తన ఊపిరి తనకి వినిపిస్తోంది. అంతలో ముందువైపు నుంచి టకటకా చప్పుడైంది, గొలుసు ఊడిన సైకిల్ని ఎవరో నడిపించుకొస్తున్నట్టు. ఆయనే. వెతుక్కుంటూ వస్తున్నాడు. గ్లాసు దాచేయాలన్నట్టు చెయ్యి వెనక్కి పోయింది. తొంగి చూస్తే ఎవరూ లేరు, గాలికి విరిగిన రేకు బోర్డు కొట్టుకుంటోంది. అమ్మయ్య అనుకుంది. అనుకున్నాక తనకే సిగ్గేసింది. ఎలాంటిదాన్ని నేను, ఈ వానలో ఆ మనిషి ఎలా ఉన్నాడో అన్న ఆలోచన ముందు రావద్దూ? సిగ్గు కాసేపు కూర్చుని తనంతట తానే లేచి వెళ్ళిపోయింది. ఆమె మాత్రం ఇంకో అరగంట అక్కడే కూర్చుంది.

వాగు తగ్గాక బురదలో సైకిలు తోసుకుంటూ, కాస్త తొక్కుతూ, పదకొండు కిలోమీటర్లు వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. రోడ్డు పనివాళ్ళ రేకుల షెడ్డు ముందు ఆయన సైకిలు ఉంది. లోపల పొడి బట్టల్లో కూర్చుని పనివాళ్ళకి తుఫాను గురించి చెబుతున్నాడు.

"చూశారా, వచ్చేస్తుందన్నానా!" అన్నాడు ఆమెని చూడగానే. "మా ఆవిడ గట్టిది."

షెడ్డులో వంట చేసే ఆవిడ పరుగున వచ్చి ఆమె భుజాలు పట్టుకుంది. "తడిసి ముద్దయిపోయావు కదమ్మా! వాగు పొంగిందని మావాళ్ళు జీపు తీసి వెనక్కి వెళ్తామన్నారు. సారే వద్దన్నారు."

"జీపు దిగబడితే అదో తలనొప్పి కదండీ," అన్నాడాయన. "ఇదిగో, ముందు స్టవ్వు తియ్యి. కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. వీళ్ళ కూర మరీ కారం."

ఆమె స్టవ్వు తియ్యలేదు. వంటావిడ ఇచ్చిన పళ్ళెం అందుకుని పొయ్యి పక్కన కూర్చుని తింది. కారమే. కళ్ళు, ముక్కు కారుతుంటే తుడుచుకుంటూ ఇంకాస్త వడ్డించుకుంది.

"తర్వాతి ఊరు ఎంత దూరం?" అని అడిగింది వంటావిడని.

"ఎనభై కిలోమీటర్లు. మధ్యలో చెట్టు కూడా లేదు."

"ఒక్కదాన్నే అయితే ఎన్నింటికి బయల్దేరాలి?"

వంటావిడ గరిటె ఆపి ఒకసారి ఆయన వైపు, ఒకసారి ఆమె వైపు చూసింది. "వెలుగు రాకముందే వెళ్ళు తల్లీ. గాలి లేవకముందే సగం దాటేస్తావు."

ఆయనకి ఇదేం వినపడలేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కలం మూత తీశాడు. ఆదివారం వ్యాసానికి మంచి సరుకు దొరికింది.

"చెప్పు, బాగా భయపడ్డావా?"

"భయపడ్డాను," అంది.

ఆయన రాసుకున్నాడు. "ఎప్పుడు? వాగు వచ్చినప్పుడా?"

"కాదు. వాన వెలిశాక. మీరు వెనక్కి వస్తున్నారేమోనని."

ఆయన నవ్వబోయాడు. షెడ్డులో ఇంకెవరూ నవ్వలేదు. కలం కాగితం మీద ఆగిపోయింది.

"అలాగే రాయండి," అంది ఆమె.