పోటు వంతు

కాంట్రాక్టరు మనుషులు లక్ష్మణమ్మ వలను కత్తితో కోస్తుంటే మెర్సీ ఒడ్డునే ఉంది.

ఆదివారం, ఉదయం ఎనిమిది దాటింది. సముద్రం నుంచి పోటు ఏటిలోకి ఎక్కుతోంది. తెడ్డు వేసుకుంటూ వచ్చిన పసుపుపచ్చ కయాక్ ఒకటి, గుంజలకు కట్టిన వలలో చిక్కుకుంది. అందులో ఉన్న పట్నం అమ్మాయి భయపడి కేక వేసింది. అంతే, కాంట్రాక్టరు ధనరాజ్ మనుషులు ఇద్దరు మోటారు పడవలో దూసుకొచ్చారు. చిక్కు విప్పే ఓపిక వాళ్లకు లేదు. వలను పైనుంచి కిందికి చీల్చేశారు.

"ఓరి బాబూ, ఆగండిరా! నానే ఇప్పతాను, కొయ్యకండిరా!" మొలలోతు నీళ్లలో నిలబడి లక్ష్మణమ్మ చేతులు జోడించింది.

"తాడు దాటి వల కట్టొద్దని ఎన్నిసార్లు సెప్పాల ముసలీ? ఇంకోపాలి కనబడితే కోసేది వల కాదు" అన్నాడు కత్తి పట్టుకున్నవాడు.

ఒడ్డున ఇరవై మంది ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. చేతిలో ఫోను ఉందన్న సంగతి మెర్సీకి వాళ్లు వెళ్లిపోయాకే గుర్తొచ్చింది.

కొత్తమొగ పేటలో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి చదివింది. తండ్రి జ్ఞానానందం నాలుగేళ్ల కిందట, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నావ తిరగబడి చనిపోయాడు. ఇప్పుడు తల్లి పార్వతితో ఉంటూ సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకుంటోంది.

ఈ చలికాలంలోనే ధనరాజ్ పట్నంవాళ్ల పడవ షికార్లకని ఏటిని లీజుకు తెచ్చుకున్నాడు. ఇవతలి గట్టు నుంచి అవతలి మడచెట్ల దాకా నారింజ రంగు డబ్బాలు గుచ్చిన తాడు కట్టించి, దానికి ఎగువనున్న నీళ్లన్నీ కయాక్‌లవే అన్నాడు. పేటవాళ్లు వాటిని అరటి దొప్పలని వెక్కిరించారు. కానీ అరటి దొప్పలకూ పోటే కావాలి. పాటు తీసిందంటే ఏటిలో బురద తేలుతుంది, దొప్ప నడవదు. వల కట్టేదీ పోటులోనే. తగువంతా అక్కడ పడింది.

ఆ రాత్రికే మెర్సీ తహసీల్దారుకు అర్జీ రాసింది. గుంజలు పాతే చోట్లు మూడే, కుటుంబాలు ముప్పై ఒకటి. అందుకే తాతల నాటి నుంచి వంతులున్నాయి. ఏ పోటు ఎవరిదో పేట పెద్ద నారాయణమూర్తి గట్టుమీద నిలబడి పేరు పెట్టి పిలుస్తాడు, పేరుగలవాళ్లు పలుకుతారు. ఈ ఏరు మాదేనని చెప్పడానికి ఇంతకంటే రుజువేముంటుందని, వంతుల వరసలో ముప్పై ఒక్క పేర్లూ రాసి అర్జీకి జతచేసింది. పేటలో మగవాడు పోయినా వంతు పోదు. గట్టుమీద అతని పేరే పిలుస్తారు, పెళ్లాం పలుకుతుంది. కాబట్టి పోయినవాళ్ల పేర్లు తొమ్మిదీ ఎలా ఉన్నవి అలాగే రాసింది. మొత్తం వరసలో తొమ్మిదో పేరు తండ్రిది.

సోమవారం ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకొచ్చింది. ఆ ముద్రను పేటంతా చేతులు మార్చుకుని చూసుకుంది.

పదిరోజులకు ధనరాజ్ తాడు తెగింది. ఎవరు తెంపారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. పున్నమి పోటే తెంపిందని నారాయణమూర్తి అంటాడు. మర్నాడు పొద్దున్నే ఎస్సై జీపు వచ్చి, వలలు అల్లే పాక ముందు ఆగింది. ఎస్సై దిగకుండానే నిందితుల పేర్లు చదివాడు. ఒకటి, నారాయణమూర్తి. రెండు, కొర్లయ్య. మూడు...

తర్వాతి పేరును మెర్సీ ఎస్సై కంటే ముందే అనుకుంది. అర్జీలో తను రాసిన వరసే. ఆరో పేరు మరిచిపోయి తర్వాత ఇరికించి రాసింది, ఇరికించిన చోటే అదీ వచ్చింది. తొమ్మిదో పేరు దగ్గర పార్వతి కూతురి జబ్బ పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"రేపు పదింటికి అందరూ గట్టుమీద ఉండాలి. లేదంటే తలుపులు ఊడతాయి" అని జీపు వెళ్లిపోయింది.

సాయంత్రానికి ధనరాజ్ మనిషి మంచి మాటలతో వచ్చాడు. చనిపోయినవాళ్ల పేర్లు సారు కొట్టేయిస్తారు, ఆడోళ్లు పోలీసుల చుట్టూ తిరగడమెందుకు, ఈ కాగితం మీద వేలిముద్రలు వేస్తే చాలునన్నాడు. మెర్సీ చదివింది. చనిపోయినవారికి ఏటిలో వంతు లేదని, ఇక అడగబోమని అందులో ఉంది.

దీపాల వేళకు అందరూ పాకలో కూర్చున్నారు.

"సచ్చినోలకి బేడీలెలాగేస్తారు మావా? సమాదులు తవ్వతారేటి?" బెన్హర్ నవ్వించబోయాడు. అతను గుజరాత్‌లో వీరావల్ బోట్లమీద పనిచేసి సెలవుకొచ్చాడు.

"నీకేటిరా, రేపు రైలెక్కి పోతావు. మేమేటి సేసేది?" దాలమ్మ మండిపడింది. ఆమె మొగుడు పోయి ఏడాది కాలేదు. "నాను ఏలేసెత్తాను. ఇద్దరాడపిల్లలున్నారు నాకు. ఠానా మెట్లు ఎక్కనేను."

"ఏలేస్తే నీ వంతు పోతాదే అమ్మీ" అన్నాడు నారాయణమూర్తి. "తొమ్మిది పోతే మిగిలేవి ఇరవై రెండు. వచ్చే ఏడు ఆ ఇరవై రెండూ ఉంటాయనుకుంటన్నావా?"

మెర్సీ లేచి నిలబడింది.

"ఆ పేర్లు నానిచ్చినవే. మన అర్జీలోవే అవి. కాయితం ఎలాగెల్లిందో తెలీదు గానీ, మన వంతుల వరసే కేసయినాది."

పాకలో తలలన్నీ ఆమెవైపు తిరిగాయి.

"సదువుకున్న గుంటవి! పోలీసోలకి మా పేర్లు ఇస్తరాకులో ఎట్టి వడ్డించినావా?" బెన్హర్ ఊగిపోయాడు. "ఇందుకేనేటే డిగ్రీ?"

"నోరుముయ్యిరా" అంది లక్ష్మణమ్మ. "ఆ గుంట రాసినాది. మనమేటి సేసినాం? సుట్టూ కూకోని ఒక్కో పేరూ సెప్పినాం. మా ఇంటోడు కొర్లయ్య పేరు మరిసిపోతాదేమోనని నాను రెండుపాల్లు సెప్పినాను. తప్పయితే అందరిదీని."

ఆమే మళ్లీ అంది: "ఏటి గట్టుమీద ఆడి పేరు పిలిస్తే పలికి రొయ్యలు తెచ్చుకున్నాను. ఇయ్యాల ఠానావోడు పిలిస్తే పలకనంటే, రేపు గట్టుమీద ఏ మొకంతో పలకను?"

"బయం నేదా అప్పా నీకు?" దాలమ్మ ఏడుస్తూ అడిగింది.

"ఎందుకు నేదు? మద్దేనం నుంచి మెతుకు దిగనేదు. వణుకుతానే పలుకుతాను."

ధనరాజ్ కాగితం మీద ఒక్క వేలూ పడలేదు. అలాగని ఎవరికీ ధైర్యమూ రాలేదు. ఇళ్లకు పోయేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మర్నాడు పదింటికి వ్యాను వచ్చింది. గట్టుకు ఒక పక్క పోలీసులు, ఇంకో పక్క ధనరాజ్ మనుషులు. ఏటిలో కొత్త తాడు మెరుస్తోంది. పోటు మొదలవుతోంది.

"నారాయణమూర్తి!"

"ఉన్నాను." ముసలాయన కర్ర ఊతంతో వ్యాను ఎక్కాడు.

"కొర్లయ్య!"

"ఉన్నాను" అంది లక్ష్మణమ్మ.

ఎస్సై తలెత్తాడు. "కొర్లయ్య ఏడీ?"

"మట్టిలో ఉన్నాడు బాబూ, ఆరేళ్లయినాది."

"మరి నువ్వెందుకు పలికావే?"

"వంతు నాది గదా. ఆడిమీద కేసెడితే నామీద ఎట్టినట్టే."

ఒక కానిస్టేబులు కిసుక్కుమని నవ్వి, ఎస్సై చూపుకు చల్లబడిపోయాడు. "చచ్చినోళ్లంతా పక్కకి జరగండి!" అని ఎస్సై అరిచాడు. "సచ్చినోలు జరుగుతారేటి సారూ?" అని వెనకనుంచి బెన్హర్ గొంతు వినబడింది. ఇన్ని రోజుల తర్వాత గట్టుమీద నవ్వు పుట్టింది. లాఠీ నేలకు కొట్టగానే ఆగిపోయింది.

లక్ష్మణమ్మ పక్కకు జరగలేదు, వ్యానెక్కి కూర్చుంది. పేర్లు సాగాయి. దాలమ్మ వినీ వినబడనట్టు పలికి, తనూ వ్యానెక్కింది.

"జ్ఞానానందం!"

పార్వతి పెదవులు కదిలాయి. మాట రాలేదు. రాత్రంతా గొణుక్కుంటూ నేర్చుకున్న ఒక్క మాట అది. ఆమె కళ్లు లాఠీమీదే ఉన్నాయి.

"పలకలేదు. కొట్టేయ్" అన్నాడు ఎస్సై.

కొట్టేస్తే వంతు పోతుంది. పలికితే కేసు. కేసు పడ్డవాళ్లకు సర్కారు ఉద్యోగం ఎక్కడిదని హాస్టల్లో ఎన్నోసార్లు విన్నది మెర్సీ. ఆ మాట ఇప్పుడూ చెవిలో మోగింది.

"ఉన్నాను" అంది.

"నువ్వెవరు?"

"మెర్సీ. ఆయన కూతుర్ని. ఆ పేర్ల కాగితం రాసింది నేనే సార్. ఈ ఏట్లో మాకు వంతులున్నాయని రాశాను. తాడు తెంపారని రాయలేదు."

"ఓహో, రాసింది నువ్వా! దీన్నీ ఎక్కించండి."

జబ్బ పట్టి లాగితే ఆమె చెప్పు ఒకటి ఊడి గట్టుమీదే ఉండిపోయింది. ఇరవై ఒకటో పేరు దగ్గర వ్యాను నిండింది. ఇంకా పలకాల్సినవాళ్లు పదిమంది మిగిలారు. చోటు లేదని కానిస్టేబుళ్లు తోసేస్తుంటే, "మమ్మల్నీ అట్టుకెల్లండి, మా పేర్లూ ఉన్నాయి" అంటూ వాళ్లు వ్యాను ముందు కూర్చున్నారు. పిల్లల్ని చంకనేసుకుని, పేర్లు లేనివాళ్లూ వచ్చి కూర్చున్నారు.

అప్పుడే లక్ష్మణమ్మ కిటికీ ఊచలు పట్టుకుని ఏటివైపు చూసింది. నీళ్లు మొదటి గుంజను తాకాయి.

"ఓలమ్మో, పోటెక్కిపోతన్నాది! ఈ పూట వంతు ఎవుల్దే?"

వంతు పిలవాల్సిన నారాయణమూర్తి వ్యానులో ఉన్నాడు. గట్టుమీద వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. వంతు పిలవకుండా ఏ నావా నీళ్లలోకి దిగదు.

పార్వతి కదిలింది. కొంగు బిగించి ధనరాజ్ మనుషుల మధ్యనుంచే నడిచి గట్టు చివరికి వెళ్లబోయింది. ఒకడు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె ఆ చేతిని చూసింది, వణికింది, కింది నుంచి దూరి వెళ్లింది. పెద్ద నిలబడే చోట నిలబడి నోరు తెరిచింది. ఈసారి మాట వచ్చింది. ఆ పూట వంతు కొర్లయ్యది, కానీ ఆమె ఆ పేరు పిలవలేదు.

"లక్ష్మణమ్మా!"

కొత్తమొగ ఏటిలో ఒక ఆడమనిషి పేరున వంతు పిలవడం అదే మొదలు.

వ్యానులో లక్ష్మణమ్మ ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత ఊచల మధ్యనుంచి, గొంతు చిరిగిపోయేలా పలికింది.

"ఉన్నానే!"

బెన్హర్ నావను నీళ్లలోకి తోశాడు. అతని వెనక ఇంకో నావ, దాని వెనక ఇంకోటి. తలో ఇంటినుంచి తలో ముక్కా తెచ్చి కుట్టిన లక్ష్మణమ్మ వలను ఆడవాళ్లు భుజాలమీద మోసుకుంటూ నీళ్లలోకి దిగారు. మోటారు పడవ గర్జించుకుంటూ వాళ్లమీదికి బయలుదేరింది. ఒక్క నావా వెనక్కి తిరగలేదు.

ముందు ఇంకా కొందరు కూర్చునే ఉన్నారు, వ్యాను కదలలేకపోయింది. మెర్సీ పక్కనున్న దాలమ్మ చేయి పట్టుకుంది. ఇద్దరూ ఊచల్లోంచి చూస్తూ ఉన్నారు. మొదటి నావ నారింజ డబ్బాల మీదుగా తాడు దాటింది.