తీసెయ్యమన్నది తమ్ముడే

కళ్లజోళ్ల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే మనిషికి చెయ్యి అద్దాల మీద ఉన్నా ధ్యాసంతా కంప్యూటర్ల మీదే. వీధిలో ఇంకెవరికీ లేని రోజుల్లో ఇంటికి కంప్యూటరు తెచ్చుకుని, కనిపించిన వాళ్లందరితో "మా ఇంట్లో సిస్టం ఉంది" అని చెప్పుకు తిరిగాడు. దాంతో అతని పేరే సిస్టం అయిపోయింది. అసలు పేరు అడిగితే షాపు యజమాని కూడా ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

లోకంలో సిస్టంకి అభిప్రాయం లేని వస్తువు లేదు. క్లౌడ్ మాట ఎత్తితే, "మబ్బూ లేదు, వానా లేదు. అది ఎవడిదో బీరువా. నీ సామాను వాడి బీరువాలో పెట్టి తాళంచెవి కూడా వాడి చేతికే ఇస్తావా?" అనేవాడు. అప్‌డేట్ వచ్చిందంటే, "బాగున్నదాన్ని బాగుచేస్తానని వచ్చేవాణ్ని గుమ్మంలోనే ఆపెయ్యాలి" అనేవాడు. పాస్‌వర్డ్ సంగతైతే ఇక అడగనక్కర్లేదు. "పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, చుక్క, అన్నీ పెట్టమంటాడు. మర్చిపోతే ఫోన్‌కి ఆరంకెలు పంపి లోపలికి రమ్మంటాడు. మరి ఆ చుక్క నా చేత ఎందుకు పెట్టించినట్టు?" దీనికి జవాబు చెప్పగలిగినవాడు ఇంతవరకు ఆ షాపుకి రాలేదు. చూపు పరీక్షకి వచ్చినవాళ్లు అక్షరాల పలక ముందు ఒక కన్ను మూసుకుని ఇవన్నీ వినాల్సిందే. ప్రోగ్రాంలో తప్పుని అందరూ బగ్ అంటే తను మాత్రం పట్టుబట్టి పురుగు అనేవాడు. మన మాట మనకుండగా అరువెందుకని అతని వాదన.

పొద్దున్నే ఫోనుకి పువ్వుల బొమ్మలూ సూక్తులూ పంపే చుట్టాలంటే అతనికి ఒళ్లుమంట. నిరుడు ఒక సెలవురోజు కూర్చుని అందరి నోళ్లూ ఒక్కపూటలో నొక్కేశాడు. ప్రతి పేరు పక్కనా గంట బొమ్మ, దానిమీద అడ్డగీత పడ్డాయి. ఫోటోలు వాటంతట అవి ఫోన్లోకి దిగకుండా కూడా ఆపేశాడు. ఆ జాబితాలో ఎవరెవరున్నారో మళ్లీ చూసుకోలేదు. ఇంట్లో ప్రశాంతంగా ఉందని వారం రోజులు భార్యతో చెప్పుకున్నాడు.

ఇన్ని తెలిసిన మనిషి నోట 'తెలియదు' అన్న మాట మాత్రం ఎవరూ వినలేదు.

అతనికి ఒక్కతే అక్క. రెండు వీధుల అవతల, ముందుగదిలో మిషను వేసుకుని బట్టలు కుడుతుంది. వాళ్లమ్మ కూడా అదే గదిలో, అదే మిషను మీద కుట్టేది. అమ్మ పోయాక అక్కకి మిగిలిన ఆస్తి ఒక కొలతల పుస్తకం. నూట నలభై పేజీలు. పేజీకొక మనిషి, మూలన కుట్టిన గుడ్డ ముక్క అతికించి, కింద అమ్మ చేతిరాత. 'ఎడమ భుజం అరంగుళం దిగుడు.' 'ఊపిరి బిగబట్టి కొలత ఇస్తుంది, అంగుళం కలుపు.' 'పొట్ట ఉంది, పైకి అనొద్దు.' ఆ మనుషుల కూతుళ్లూ మనవరాళ్లూ ఇప్పుడు అవే భుజాలతో వస్తుంటే, అక్క ఆ పేజీ తీసి చూసుకునే కత్తెర పట్టుకుంటుంది. తన పనితనమంతా ఆ పుస్తకంలోనే ఉందని ఆమె నమ్మకం.

ఆ పుస్తకానికి పురుగు పట్టింది. నెల క్రితం సిస్టం వచ్చినప్పుడు అక్క జల్లెడలా చిల్లులు పడ్డ పేజీలు చూపించి ఏం చెయ్యమంటావని అడిగింది. అతను ఆ సమయంలో ఆమె టీవీ రిమోట్ విప్పి లోపల చూస్తున్నాడు. తల ఎత్తకుండానే, "కాగితాన్ని నమ్ముకోకూడదక్కా. ఫోటోలు తీసి ఫోన్లో పెట్టుకో" అన్నాడు. ఆ మాట అన్నట్టు ఇంటికి చేరేసరికే మర్చిపోయాడు. అక్క మర్చిపోలేదు. తమ్ముడు చెప్పాడంటే ఆమెకి తిరుగులేదు.

రెండు వారాలయ్యాక ఒక మధ్యాహ్నం అతను మిషన్లో అద్దం తిప్పుతుండగా ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఫోన్ నిండిపోవచ్చిందని చూపిస్తోందిరా."

"ఫోటోలు ఎక్కువై ఉంటాయి. పాతవన్నీ తీసెయ్."

"అన్నీనా? ఇంకా సగం కూడా తియ్యలేదు."

"సగం కూడా తియ్యకపోతే నిండక ఏమవుతుంది? ఒక్కటి వదలకుండా తీసెయ్."

"సరే అయితే" అని పెట్టేసింది అక్క.

మన భాషతో వచ్చిన చిక్కే ఇది. ఫోటో తీసెయ్ అంటే, ఉన్న ఫోటోని లేకుండా చెయ్యమనీ అర్థమే, టకటకా ఫోటో తీసి పడెయ్యమనీ అర్థమే. తమ్ముడు అన్నది మొదటిది, అక్క విన్నది రెండోది. పప్పులో కాలు ఎవరు వేశారో చెప్పడం కష్టం గానీ, మునిగేది మాత్రం అమ్మ పుస్తకం.

నాలుగు రోజులకి మళ్లీ ఫోన్. "నువ్వు చెప్పినట్టే ఇంకో నలభై తీసేశాన్రా. ఇప్పుడు మరీ నిండిందంటోంది."

సిస్టం మిషను ఆపాడు. నలభై ఫోటోలు తీసేస్తే ఖాళీ పెరగాలి. పెరగకపోతే ఉన్నచోట ఉండాలి. తరగడమేమిటి? నీళ్లు తోడినకొద్దీ బిందె నిండుతోందన్నట్టుంది. బయటికి మాత్రం ఆ కంగారు పొక్కనివ్వలేదు.

"తీసేసినవి ఎక్కడికీ పోవక్కా, బుట్టలో పడుంటాయి. బుట్టలో ఉన్నవి కూడా తీసెయ్."

అక్క ఆశ్చర్యపోయింది. "బుట్టలో ఉన్నాయని నీకెలా తెలుసురా?"

"తెలియకపోవడమేంటి? అందరికీ ఉంటుంది."

మిషను కింద గుడ్డముక్కల బుట్టలో అమ్మ కత్తిరించిన కాగితం నమూనాలు ఉన్న సంగతి వీడు ఇన్నేళ్లూ గుర్తుపెట్టుకున్నాడే అని అక్క కళ్లు చెమర్చాయి. ఆ సాయంత్రమే బుట్ట బోర్లించి, చేతుల నమూనాలూ మెడల నమూనాలూ ఒక్కొక్కటీ నేలమీద పరిచి ఫోటోలు తీసింది. ఫోన్ ఇంకా నిండింది.

ఇక సిస్టం బుర్ర తిరగడం మొదలైంది. ఫోను తయారుచేసినవాడు కొత్తది కొనిపించడానికి చేస్తున్న మాయేమో అనుకున్నాడు. అక్క తెలియక అప్‌డేట్ చేసిందేమో అనుకున్నాడు. కళ్లజోడు బిగించుకోడానికి వచ్చిన డ్రాయింగ్ మాస్టారిని కూర్చోబెట్టి, తీసేసినకొద్దీ పెరిగేది లోకంలో ఏదైనా ఉందా అని అడిగాడు. మాస్టారు కాసేపు ఆలోచించి "గొయ్యి" అన్నాడు. అది సరైన జవాబే గానీ సిస్టంకి ఎందుకూ పనికిరాలేదు. ఆ ధ్యాసలో కుడికంటి అద్దం ఎడమవైపు బిగించాడు. యజమాని అది చూసి ఒకసారి గట్టిగా నిట్టూర్చాడు.

బుధవారం మూడో ఫోన్.

"మొత్తం తీసేశాను. నీకూ ఎప్పటికప్పుడు పంపిస్తూనే ఉన్నాను, చూస్తున్నావా?"

"ఆ, చూశాను" అన్నాడు సిస్టం. చూడలేదు. అక్క కూడా పువ్వుల బొమ్మలే పంపి ఉంటుందనుకున్నాడు.

"బాగా వచ్చాయా?"

"బాగానే ఉన్నాయి."

"మరి అసలుదాన్ని ఏం చెయ్యను? పురుగు పట్టిందిగా."

సిస్టంకి ఒక్కసారిగా దారి దొరికినట్టయింది. పురుగు! ఆ ముక్క మొదటే చెబితే ఇన్ని రోజులు తల పగలగొట్టుకునేవాడు కాదు. "అసలుదంటే మెమరీ కార్డు. అదే పాడయ్యుంటుంది" అని మనసులో అనుకుని, పైకి, "పురుగు పట్టాక ఇంకా ఇంట్లో ఉంచావా? మిగతావాటికి అంటుకుంటుంది. ఈరోజే పారెయ్" అన్నాడు.

"మనసొప్పట్లేదురా" అంది అక్క.

"వస్తువుల మీద మనసు పెట్టుకుంటే ఎలా అక్కా? తీసేశావుగా, ఇంకెందుకది?"

మర్నాడు పొద్దున చెత్తబండి వచ్చింది.

ఆదివారానికి ఫోను పూర్తిగా బిగుసుకుపోయింది. సిస్టం చిన్న స్క్రూడ్రైవర్ల సంచీ పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాడు. మిషను మీది బట్టలు పక్కకి జరిపి, ఫోను ముందు పెట్టుకుని, డాక్టరులా నాలుగు మీటలు నొక్కి చూశాడు.

"దీనికి ఒకటే వైద్యం. మొత్తం తుడిచేసి కొత్తదానిలా చెయ్యడమే. ఫోటోలన్నీ తీసేశావుగా?"

"ఒక్కటి వదల్లేదు."

"బుట్టలోవి?"

"అవీ తీసేశాను."

"మరింకేం" అని మీట నొక్కాడు. తెర నల్లబడింది, తెల్లబడింది, కొత్త ఫోనులా ఏ భాష కావాలని అడిగింది. సిస్టం గర్వంగా అక్క చేతిలో పెట్టాడు. "చూడు, ఎంత ఖాళీగా ఉందో."

అక్క అటూ ఇటూ జరిపి చూసింది. "ఫోటోలేవిరా?"

"తీసేశానన్నావుగా."

"తీసేశాను కాబట్టే అడుగుతున్నాను. ఎక్కడున్నాయి?"

"తీసేస్తే ఎక్కడుంటాయక్కా?"

"తీసేస్తే ఫోన్లో ఉండవూ?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమెకి పిచ్చెక్కిందేమోనని అతను, అతనికి ఎక్కిందేమోనని ఆమె అనుకుంటూ ఉండిపోయారు. అప్పుడు అక్క, తెలుగు రాని మనిషికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "అమ్మ పుస్తకంరా. పేజీ పేజీ ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోమన్నావు. తీశాను. నిండిందంటే అన్నీ తీసెయ్యమన్నావు. తీసేశాను. బుట్టలో నమూనాలు కూడా తియ్యమంటే తీశాను. పుస్తకానికి పురుగు పట్టిందంటే పారెయ్యమన్నావు."

"పారేశావా?"

"నువ్వే కదరా పారెయ్యమంది?"

సిస్టంకి క్లౌడ్‌లో ఉండొచ్చన్న ఆశ ఒక్క క్షణం మెరిసింది. అదీ ఎక్కువసేపు నిలవలేదు. ఎవడిదో బీరువా అని నిరుడు అక్క ఫోన్లో దాన్ని ఆపింది తన చేతులే. వాటిని ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. అతనికి ఏడుపొచ్చింది. మిషను సూది కింద సగం కుట్టిన జేబు అలాగే ఉంది. దాని కొలత కూడా ఆ పుస్తకంలోదే అయి ఉంటుంది.

అక్క తిట్టలేదు, ఏడవలేదు. ధైర్యంగా అంది. "అయినా నీ దగ్గరున్నాయిగా. నీకు పంపానుగా. చూశానన్నావు, బాగున్నాయన్నావు."

సిస్టం తన ఫోను తీశాడు. కళ్లజోళ్లు చేసే మనిషికి ఆ అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. పువ్వుల బొమ్మలు పంపినవాళ్లందరినీ దాటి చాలా కిందికి జరిపితే గానీ అక్క పేరు దొరకలేదు. చూడనివి మూడు వందల పద్దెనిమిది.

వరసగా మసకమసక చతురస్రాలు, మధ్యమధ్య అక్క మాటలు. 'ఈ పేజీ సరిగ్గా పడిందా తమ్ముడూ?' 'అమ్మ నీ చొక్కా కొలతలు కూడా రాసింది చూడు.' 'వెలుగు చాలట్లేదు, కిటికీ దగ్గర తియ్యనా?' 'పనిలో ఉన్నట్టున్నావు.' 'పోనీలే, తీరికగా చూడు.' ఒక్కదానికీ జవాబు లేదు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, నిరుటినుంచీ.

మొదటి చతురస్రం మీద వేలు పెట్టాడు. 'ఈ ఫోటో గడువు దాటింది. మళ్లీ పంపమని పంపినవారిని అడగండి' అని వచ్చింది. పంపిన మనిషి ఎదురుగానే ఉంది, ఖాళీ ఫోను పట్టుకుని. రెండోదీ అంతే, ఇరవయ్యోదీ అంతే. నలభై రెండో దగ్గర చిన్న చక్రం గిర్రున తిరిగి, తిరిగి, ఒక పేజీ దిగింది. చిల్లుల మధ్య అమ్మ చేతిరాత. 'చిన్నోడు. చేతులు రెండంగుళాలు మడిచి కుట్టు. ఎదుగుతాడు.'

అక్క అతని భుజం మీదుగా వంగి చూసింది. "వస్తున్నాయిరా!" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "పోయినవాటిలో చాలావరకు నాకు నోటికొచ్చు. టీచరుగారికి ఎడమ భుజం, మందులషాపావిడకి మెడ... నేను చెబుతాను, నువ్వు రాయి. కాగితం మీదే రాయి."

కొత్త నోటుపుస్తకం, పెన్నూ తెచ్చి అతని ముందు పెట్టింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, తర్వాతి పేజీ దిగడం కోసం తెరవంక చూస్తూ, కళ్లు చిన్నవి చేసింది.

"ఇదేంట్రా? నా పేరు పక్కన గంట, దానిమీద అడ్డగీత?"

తెరమీద కనిపించే ప్రతి గుర్తుకీ అర్థం చెప్పగలిగిన సిస్టం ఆ గంట వంక చాలాసేపు చూశాడు.

"తెలియదక్కా" అన్నాడు.

అక్క అతని మొహంలోకి చూసింది. ఏదో అడగబోయి మానేసింది.

"సరేలే. తెలిశాక చెప్పు" అని నోటుపుస్తకం మొదటి పేజీ తెరిచింది. "రాయి. ఎడమ భుజం అరంగుళం దిగుడు."